మాటకు తావిచ్చు వాద్యము

తిరువూరు ప్రాంతమున కట్టలేటి చేరువనున్న మా వినగడప వంటి పల్లెలలో సంగీతమును ఒంటరిగా వినుట పూర్వము లేదు. రామాలయము ముందర చెక్కభజన సాగినను, జాతరలో డప్పు మ్రోగినను, పెండ్లిపందిటిలో సన్నాయి పలికినను, పాడువాడును వాయించువాడును వినువాడును ఒకరి ముఖము నొకరు చూచుకొనుచునే ఉండెడివారు. తప్పు దొరలినచో సరిదిద్దుటకును, ఒప్పైనచో భళీ యనుటకును వినువానికి అధికారముండెడిది. ఆ పల్లెల యువకులే నేడు ట్రాక్టరు తోలుచు, పత్తిచేని గట్టున కూర్చుండి, సెల్‌ఫోనులో ర్యాప్ వినుచున్నారు. పెద్దలకది తొందరపడి వల్లించిన వచనమువలె తోచుచున్నది. పిన్నలకు పెద్దల పద్యము అంతుచిక్కని ఆలాపనవలె తోచుచున్నది. ఈ రెండు తరముల నడుమ నేర్పడిన అపరిచయమును పోగొట్టుటకు నేనెరిగినంతలో ఉత్తమమైన ఉపాయ మొకటి కలదు: ర్యాప్ చెప్పు కవియు, అప్పటికప్పుడు కల్పన చేయుచు సాగు వాద్యబృందమును ఒకే వేదికపై నిలిచిన సభను కన్నులార చూచుట. ఆ కలయిక యెట్టిదో, దానియందు వినదగిన దేమో, మన తెలుగువారికి దానితో గల చుట్టరిక మెట్టిదో వివరించుటకే ఈ వ్యాసము.

ర్యాప్‌నకు మాతృక యైన హిప్-హాప్ పుట్టుక 1973 ఆగస్టు 11వ తేదీనాటి సంగతిగా చెప్పుదురు. న్యూయార్కు నగరమున బ్రాంక్స్ పేటలో, సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520వ నంబరు భవనపు వినోదశాలలో, జమైకానుండి వలసవచ్చిన కుటుంబమునకు చెందిన క్లైవ్ క్యాంబెల్ అను యువకుడు తన సోదరి ఏర్పరచిన వేడుకలో రికార్డులు వేసెను. డీజే కూల్ హెర్క్ అను పేర లోకప్రసిద్ధుడైనవా డితడే. నర్తించువారు పాటలో ఏ భాగమునకు ఎక్కువగా ఉప్పొంగుచున్నారో అతడు కనిపెట్టెను: గాత్రమాగి డ్రమ్స్ మాత్రమే మ్రోగు ఆ కొలదిపాటి వ్యవధి అది. ఒకే రికార్డు ప్రతులు రెండింటిని రెండు యంత్రములపై నుంచి, ఒకదానియందు ఆ ఖండము ముగియగనే రెండవదానియందు దానినే మరల ఎత్తుకొని, కొన్ని క్షణముల దరువును ఎంతసేపైనను నిలుపు నేర్పును అతడు వృద్ధిచేసెను. ఆ దరువుపై మైకు పట్టినవాడు జనమును హుషారుచేయుటకు పలికిన పలుకులే క్రమముగా ప్రాసలతో, కథలతో, పేటవాసుల కష్టసుఖములతో నిండి ర్యాప్ అయ్యెను. పేదల పేటలో పుట్టిన ఈ కళకు వాక్కే ప్రధానమైన ఆస్తి.

అప్పటికప్పుడు కల్పన చేయుచు సాగు ఆ వాద్యబృందమును జామ్ బ్యాండు అందురు; దాని వంశము వేరు. 1965లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఏర్పడిన గ్రేట్‌ఫుల్ డెడ్ బృందము దానికి మూలపురుషస్థానమున నున్నది. వారు పాటను ముందే కట్టుదిట్టము చేసిన కట్టడముగా భావింపక, దాని నడుమను తలుపులు తెరచి, గిటారులును కీబోర్డును మృదువుగా సంభాషించుకొనుచు పదినిమిషములైనను, అరగంటయైనను తమకే తెలియని త్రోవలలో సంచరించి, తుదకు ఎత్తుకొన్న పల్లవికి మరలి వచ్చెడివారు. నేటి రాత్రి పాడినట్లు రేపు పాడరు. అందుచేతనే వారి అభిమానులు కచేరీలను రికార్డు చేసికొని పరస్పరము పంచుకొనుట వ్రతముగా పెట్టుకొనిరి. 1984 నుండి ఆ బృందమువారు రికార్డు చేయువారికి సభలో ప్రత్యేకస్థానమును కూడ కేటాయించిరి. 1995లో నాయకుడైన జెర్రీ గార్సియా మరణించువరకు వారు చేసిన కచేరీలు రమారమి 2,300. మన గాయకుడు ఒకే కల్యాణిని నూరు సభలలో నూరు విధముల పాడిన దానితో దీనికి గల పోలికను కర్ణాటక సంగీతమెరిగినవా డెవ్వడును వెంటనే గుర్తింపగలడు.

ఈ సంప్రదాయమును తరువాతి తరమున నిలిపినవారిలో ముఖ్యులు 1983లో వెర్మాంటు రాష్ట్రపు బర్లింగ్టన్‌లో ఆరంభమైన ఫిష్ బృందమువారు. వారి సాధన యొకటి తెలిసికొనదగినది. నలుగురును కూర్చుండగా ఒకడు చిన్న స్వరగుచ్ఛము నొకదానిని వాయించి దానినే తిప్పుచుండును. తక్కిన మువ్వురును దానికి ఒప్పునట్లుగా తమ తమ పూరణములను చేర్చుదురు. అందరి వాద్యమును కుదిరినదని చెవికి నిశ్చయముగా తెలిసినవాడు 'హే' అనవలెను. అట్లు నలుగురి 'హే'లును వినబడిన పిమ్మట గాని క్రొత్త గుచ్ఛము నెత్తికొనరాదు. తాను వాయించుచునే తక్కిన మువ్వురిని సంపూర్ణముగా వినుట అను గుణమును ఈ అభ్యాసము పెంచును. ఈ ధోరణిలో మన దేశపు లయకును పాలు గలదు. గ్రేట్‌ఫుల్ డెడ్ డ్రమ్స్ వాదకుడైన మిక్కీ హార్ట్ తబలా విద్వాంసుడైన ఉస్తాద్ అల్లా రఖా సన్నిధిని తాళరహస్యములు నేర్చినవాడు. అల్లా రఖా కుమారుడైన జాకిర్ హుస్సేన్‌తో కలిసి 1976లో దిగా, 1991లో ప్లానెట్ డ్రమ్ అను ఆల్బములను వెలువరించెను. రెండవదానియందు మన ఘటవిద్వాంసుడు విక్కు వినాయక్రమ్ కూడ వాయించెను. ప్రపంచ సంగీతమునకై ప్రత్యేకముగా ఏర్పరచిన గ్రామీ బహుమానమును మొట్టమొదట అందుకొన్న దదియే.

ఇట్టి రెండు కళలు కలియుట సులభము కాదు. ర్యాప్ కవి చరణము సాధారణముగా పదునారు 'బార్'లది. బారునకు నాలుగు దెబ్బల చొప్పున మొత్తము 64 దెబ్బలు. మన లెక్కలో ఆదితాళము ఎనిమిది ఆవర్తములు. నిమిషమునకు 90 దెబ్బల నడకలో ఇది 43 సెకండ్లలో ముగిసిపోవును. ఆ స్వల్పకాలములో కవి ఒక కథనో వాదమునో నడిపి, పంక్తుల తుదలను నడుమలను ప్రాసలు పొదిగి, ఊపిరి ఎచ్చట తీయవలెనో కూడ ముందే నిర్ణయించుకొనియుండును. అతనికి కావలసినది చలింపని దరువు. జామ్ బ్యాండునకు కావలసినది దరువును సాగదీయుటకును, విరుచుటకును, ఒక్కొక్కప్పుడు కరగించుటకును స్వాతంత్ర్యము. పాత ఎద్దును క్రొత్త ఎద్దును ఒకే కాడికి కట్టిన రైతు మొదటి చాలులో ఎంత మెలకువతో పలుపు పట్టునో, ఆ సభలో డ్రమ్స్ వాయించువాడు అంత మెలకువతో ఇరువురి నడకలను కనిపెట్టవలెను. అతడు కవివైపు మొగ్గినచో వాద్యములు బానిసలగును. వాద్యములవైపు మొగ్గినచో మాట మునిగిపోవును.

ఈ కష్టమును గెలిచినవారు కలరు. 1987లో ఫిలడెల్ఫియాలో ఇద్దరు విద్యార్థులు, డ్రమ్స్ వాయించు అహ్మీర్ థాంప్సనును ర్యాప్ చెప్పు తారిఖ్ ట్రాటరును, కలిసి వీధులలో ప్రదర్శనలిచ్చుచు ఆరంభించిన బృందమే ది రూట్స్. యంత్రములనుండి దరువు పుట్టించుకొను హిప్-హాప్ లోకమున సజీవ వాద్యములతో కచేరీ చేయుట ఎట్లో వారు చూపిరి. 2001లో సుప్రసిద్ధ ర్యాప్ కవి జే-జీ తన పాటలను యంత్రముల తోడులేక పాడవలసివచ్చినపుడు వెనుక నిలిచి నడిపించినవారు వీరే. ఆ జే-జీయే 2004 జూన్ 18న, తన జన్మస్థానమైన బ్రూక్లిన్‌లోని కోనీ ఐలండు బేస్‌బాలు మైదానమున, ఫిష్ బృందము కచేరీ చేయుచుండగా ఎవరికిని ముందుగా తెలుపకుండ వేదికపైకి వచ్చి, వారి వాద్యముతో తన పాటలు రెండు చెప్పెను. అప్పటికి జే-జీ ఇక పాడనని ప్రకటించియున్నాడు. ఫిష్‌వారును విడిపోవుదుమని చెప్పియున్నారు. గిటారు విహారములకై వచ్చిన జనమెదుట ఆ బృందము తన విహారమును ప్రక్కనబెట్టి, కవికి దరువు నిలుపు పనిని స్వీకరించెను. ఇరుపక్షములవారును తరువాత మరల రంగమునకు వచ్చిరి గాని, ఆనాటి సభను రెండు లోకముల అభిమానులు నేటికిని స్మరింతురు. గొప్ప వాద్యకారుడు తన గొప్పను కొంతసేపు మరుగుపరచుకొని మాటకు తావిచ్చుటయే ఈ కలయికలోని ప్రధానధర్మమని నే నెంచుటకు ఆ సభయే చాలిన నిదర్శనము.

ఈ ధర్మము తెలుగువారికి క్రొత్తది కాదు. బుర్రకథను తలచికొనుడు. కథకుడు భుజమున తంబురా ధరించి, వ్రేలి అందెలను గలగలలాడించుచు, ముందునకును వెనుకకును అడుగులు వేయుచు కథను ఉరవడిగా నడుపును; ఇరుప్రక్కల వంతలు డక్కీలు వాయించుచు తందాన పలుకుదురు. కథ ఉచ్చస్థాయినందిన వేళ వంతలు చేతులాపి, మాటను ఒంటరిగా వదలి, మరుక్షణమున ఒక్కదెబ్బతో దానిని అందుకొందురు. వంతలలో నొకడు హాస్యకాడు; రెండవవాడు నాటి రాజకీయములను కథలోనికి లాగి ప్రశ్నించువాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లున పుట్టి, ప్రజానాట్యమండలి వేదికలమీద ఈ కళకు క్రొత్త ప్రాణము పోసి, 1986లో పద్మశ్రీ పొందిన షేక్ నాజర్ పల్నాటి యుద్ధమును చెప్పినను, బొబ్బిలి యుద్ధమును చెప్పినను, అందు సమకాలికుల ఆకలియు ఆగ్రహమును వినబడుచుండెడివి. లయపై నడచు వాక్కు, దానిని మోయు దరువు, నడుమనడుమ లోకవ్యవహారముపై విసురు: ర్యాప్ సభలో మన యువకులు మెచ్చు మూడును బుర్రకథలో కలవు.

అప్పటికప్పుడు ప్రాస కూర్చి పలుకుటను ర్యాప్‌వారు ఫ్రీస్టైల్ అని గౌరవింతురు. ఎదుటివాడు విసరిన మాటను పట్టి, తడబడక, లయ తప్పక సమాధానము చెప్పుట అందు పరీక్ష. అవధానసభలో దత్తపదియు సమస్యాపూరణమును ఇట్టి పరీక్షలే. నిషిద్ధాక్షరిలోనైతే కవి యెత్తికొనబోవు అక్షరమును ముందుగనే ఊహించి పృచ్ఛకుడు నిషేధించుచుండును. తిరుపతి వేంకట కవులు ఊరూర ఈ విద్యను ప్రదర్శించి, పండితుల సొత్తును జనుల వినోదముగా మార్చిరి. లయ సంగతి యందురా, మా కృష్ణామండలమునకే మకుటమైన కూచిపూడి యున్నది. నట్టువాంగమున గురువు తాళములు మ్రోగించుచు జతులు చెప్పును. అర్థములేని ఆ అక్షరములు నర్తకి పాదములలో అర్థవంతములగును. అక్షరమే తాళవాద్యముగా మారు ఆ క్షణము ర్యాప్‌నకు అత్యంతసన్నిహితము.

ఈ చుట్టరికమును ఊహగా వదలక వేదికపై నిరూపించిన తెలుగువా రిరువురి గూర్చి చెప్పవలెను. మొదటివాడు 1969లో పాలకొల్లున జన్మించిన మాండొలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజునకు మాండొలిన్ వాయించుట రాదు. ఆయన పాడి వినిపింపగా బాలుడు ఆ సంగతులను తీగలపై పలికించెడివాడు. గాత్రమును వాద్యమున వినిపించు ఆ విద్యతో 1978లో మన గుడివాడలోనే తొలి కచేరీ చేసిన ఆ బాలుడు, పెద్దవాడై, గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌ల రిమెంబర్ శక్తి బృందమున చేరి దేశదేశముల వేదికలపై వాయించెను. ఆ సభలలో గిటారు ఒక ప్రశ్న వేయును, మాండొలిన్ సమాధానము చెప్పును; కంజిర వాయించు సెల్వగణేశ్ నోటితో జతులు పలుకగా తబలా వానిని తిరిగి పలుకును. వేదికపై చిరునవ్వు తప్ప వేరొక సంజ్ఞ ఎరుగని శ్రీనివాస్ తన వంతు రానంతసేపు ఎదుటివాని వ్రేళ్ళపై దృష్టి నిలిపి వినుచుండెడివాడు. ఆ వినికిడియే ఆయన సమాధానములకు బలము. 2014లో నలుబదియైదేండ్ల వయస్సుననే ఆయన మరణించుట తెలుగుజాతి సంగీతమునకు పూడని లోటు.

రెండవవ్యక్తి రాజకుమారి అను పేర ప్రఖ్యాతి గాంచిన శ్వేత యల్లాప్రగడ రావు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రపు క్లేర్‌మాంట్‌లో తెలుగు దంపతులకు జన్మించి, బాల్యమునుండి శాస్త్రీయ నృత్యమభ్యసించిన ఈమె, పాదముల క్రింద నేర్చిన జతులను పెదవులపైకి తెచ్చి ఆంగ్ల ర్యాప్ నడుమ పొదుగుట మొదలుపెట్టెను. 2017లో బొంబాయి ర్యాప్ కవి డివైన్‌తో కలిసి 'సిటీ స్లమ్స్' అను పాటను వెలువరించినది. 2019లో టీవీలో ప్రసారమైన ర్యాప్ పోటీలలో నిర్ణేతగా కూర్చున్నది. నర్తకిగా ఆమె అలవరచుకొన్న కాలప్రమాణము ఆమె పలుకునకు వెన్నెముక వంటిది. ప్రవాసమున పెరిగిన తెలుగుబిడ్డ నాట్యశాలలో నేర్చినది నగరవీధి కవిత్వమునకు పనికివచ్చినదన్న సంగతి, పిల్లలకు నాట్యము నేర్పించి ఇది దేనికి పనికివచ్చునో యని సందేహించు తల్లిదండ్రులకు ధైర్యమీయవలెను.

స్వదేశమున హైదరాబాదు ఈ ప్రయోగములకు ప్రధానక్షేత్రము. రోల్ రైడా వంటివారు తెలంగాణ వాడుకభాషలో ర్యాప్ చెప్పి, ఆ మాటతీరుకు వేదికపై మన్నన కలిగించిరి. చౌరస్తా బృందమువారు పల్లెపదమును జమైకా వారి రెగె దరువుతో జోడించిరి. 2020లో కరోనా వేళ వారు కట్టిన హెచ్చరికపాట ఊరూర వినబడినది. వీరికంటె ముందే గద్దర్, గజ్జెకట్టి, గొంగడి భుజాన వేసి, పాట నడుమ మాటను, మాట నడుమ పాటను నడిపి, డప్పు ఎప్పుడాగవలెనో ఎప్పుడు లేవవలెనో చేతిసైగతో శాసించి, మైదానము నిండిన జనమును వశపరచుకొనెను. పొరుగున చెన్నపట్టణములో 2018 జనవరిలో తొలి ప్రదర్శనమిచ్చిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ బృందమున, పేటల గానా పాటయు, అరివు అను కవి ర్యాప్‌ను, రాక్ గిటారును, చావుడప్పును ఒకే వరుసన నిలచి కులవివక్షను ప్రశ్నించినవి. దక్షిణదేశమున ఈ కళకు తన సొంత గొంతు లభించినదనుటకు ఇవి చాలును.

ఇట్టి సభకు తొలిసారి వెళ్ళువారికి వినుటలో ఒకటి రెండు కిటుకులు చెప్పెదను. చూపు మొదట కవిపై గాక డ్రమ్స్ వాయించువాని కుడిచేతిపై నిలుపుడు. జంటతాళములపై అతడు వేయు సన్నని దెబ్బలే సభకంతకు తాళపు చేయి. పిదప బేస్ గిటారు వాయించువాని కన్నులు చూడుడు; అతడు కవి పెదవులను చూచుచున్నచో ఆ రాత్రి సభ రక్తికట్టునని నమ్మవచ్చును. కవి చేయి పైకెత్తగనే వాద్యములన్నియు ఒక్కసారిగా ఆగి, ఒక బారు మేర మాట ఒంటరిగా నిలుచును. పంక్తి చివరిపదమును జనమే అందించును. సమముపై వాద్యము తిరిగి వచ్చును. అటుపిమ్మట కవి మైకు దించి, ప్రక్కకు జరిగి, గిటారును దూరప్రయాణమునకు పంపును. ఆ వేళ అతడేమి చేయుచున్నాడో గమనింపుడు. వాద్యము తిరుగు వంపులను ఆలకించి, తిరిగి వచ్చినపుడు ఆ వంపునకు తగిన మాటతో ఎత్తుకొన్నవాడే నిజమైన కళాకారుడు. ధ్వనియంత్రముల వద్ద కూర్చున్నవాని పాత్రయు స్వల్పము కాదు. మాటలోని హల్లుల స్పష్టత సెకండుకు వేయి మొదలు నాలుగువేల కంపనముల మేరలో నుండును. గిటారును కీబోర్డును అచ్చటనే సంచరించును. ఆ మేరలో వాద్యములను కొంత తగ్గింపనిచో ఎంత గొప్ప కవియైనను అరచినట్లే యుండును.

రికార్డులో ఈ సంగతులేవియు దొరకవు. అందు తప్పులు దిద్దబడియుండును, నిరీక్షణము కత్తిరింపబడియుండును. వేదికమీదనో, కవి ఒక పంక్తి మరచునేమో, గిటారు దారితప్పునేమో యను అపాయము సర్వదా పొంచియుండును. అపాయము దాటినపుడు కలుగు ఆనందము వేదికకును జనమునకును ఉమ్మడి. పల్లెలలో భజనకు కూడినవా రెరిగిన ఆనంద మిదియే.

ఇది సంకరమని దూరు పెద్దలకు నా మనవి యొకటి. వయొలిన్ పాశ్చాత్యులనుండి వచ్చి నేడు కర్ణాటక సభకు అనివార్యమైనది. హార్మోనియము అట్లే వచ్చి మన పద్యనాటకమునకు ప్రాణమైనది. ఎచ్చటనుండి వచ్చినదని గాక, వచ్చి ఏమి చేయుచున్నదని విచారించుట న్యాయము. ఆ విచారణలో నిలువని ర్యాప్ చాల కలదని నేనును ఒప్పుకొందును. స్త్రీలను కించపరచునదియు, ధనమదమును పొగడునదియు, సినిమాపాటలో చరణముల నడుమ అలంకారముగా నాలుగు ఆంగ్లపదములు అతికించునదియు నాకు సమ్మతములు కావు. దరువు ఒక్కటే పెద్దదిచేసి ఊరి గుండెలదరగొట్టు డీజే బాక్సులును ఈ కళను వృద్ధిచేయజాలవు. అందు మాటకు తావే లేదు.

కావున తిరునాళ్ళకును ఉత్సవములకును సభలు కూర్చు మన కమిటీలవారు ఒక ప్రయత్నము చేయవలెనని నా కోరిక. తిరువూరునందో, నెమలి వేణుగోపాలస్వామి సన్నిధినో, మరెచ్చటనో వేసిన వేదికపై బుర్రకథ దళము నొకదానిని, తెలుగులో ర్యాప్ చెప్పు యువకు నొకనిని, డ్రమ్స్ గిటారుల నెరిగిన నలుగురు పిల్లలను కొన్నిదినములు ముందుగా కూర్చి సాధన చేయింపుడు. డక్కీ వాయించు పెద్దవానివద్ద పిల్లలు మాటకు తావిచ్చుట నేర్తురు. పిల్లలవద్ద పెద్దవాడు నేటి జనుల బాధలు ఏ మాటలలో పలుకుచున్నవో నేర్చును. యువకులు యతిప్రాసల రహస్యమును పెద్దలనుండి గ్రహింపవలెను. పెద్దలు ఒక సాయంకాలము తమ తీర్పును వాయిదా వేసి చెవి యొగ్గవలెను. తెలుగుమాట లయతో నడచినంతకాలము బ్రదికియుండును. దానిని నడిపింప వచ్చిన క్రొత్తవాద్య మేదైనను, అది మాటకు లోబడి వచ్చినంతవరకు, మనము పీటవేసి కూర్చుండబెట్టవలసినదే.